కృష్ణలో బోటు మీద భవానీ ద్వీపానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికి చుట్టాలు వచ్చి, అమ్మవారి దర్శనం పూర్తయ్యాక, "ఇంకా చూడాల్సినవి ఏమున్నాయి?" అన్న మాట తప్పకుండా వస్తుంది. బెజవాడలోనూ, ఏటికి ఇవతల తాడేపల్లి, గుంటూరు వైపునా చాలా ఇళ్లలో దానికి సిద్ధంగా ఉండే జవాబు భవానీ ద్వీపం. ఏళ్ల తరబడి చుట్టాలనూ, స్నేహితులనూ, వాళ్ల పిల్లలనూ ఆ బోటు ఎక్కించిన వాడిగా, వారు బయలుదేరే ముందూ, బోటులోనూ, తిరిగి వచ్చాకా అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. టికెట్ ధరలూ బోట్ల వేళలూ తరచుగా మారుతుంటాయి కనుక వాటి జోలికి పోలేదు. రేవు దగ్గరి బోర్డు చూసుకోవడమే మేలు.

భవానీ ద్వీపం ఎక్కడ ఉంది? గుంటూరు నుంచి వచ్చేవారు ఎలా చేరుకోవాలి?

విజయవాడలో ప్రకాశం బరాజ్‌కు ఎగువన, కృష్ణానది నడుమ సుమారు 130 ఎకరాల మేర ఈ దీవి పరుచుకొని ఉంది. భవానీపురం వైపున్న పున్నమి ఘాట్, దాని పక్కనే ఉన్న బెర్మ్ పార్కు దగ్గరి నుంచి బోట్లు బయలుదేరతాయి. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి అక్కడికి నాలుగైదు కిలోమీటర్లే కనుక ఆటోలో వెళ్లిపోవచ్చు. గుంటూరు నుంచి సొంత వాహనంలో వచ్చేవారు వీలుంటే కనకదుర్గ వారధి మీదుగా కాక సీతానగరం దగ్గర బరాజ్ ఎక్కి రావాలని నా సలహా. కాసేపట్లో మీరు బోటు మీద తిరగబోయే నీరంతా ఎడమచేతి వైపు ఒక్కసారిగా కనిపిస్తుంది. కుడివైపు, గేట్ల దిగువన, ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలూ సన్నటి పాయలూ తప్ప ఏమీ ఉండవు. ఒకే నది ఒక గోడకు అటూ ఇటూ రెండు రకాలుగా ఎందుకు ఉందో ఆ రెండు చూపుల్లోనే తెలిసిపోతుంది.

దీన్ని ద్వీపం అనాలా, లంక అనాలా?

బోర్డు మీద ద్వీపం అనే ఉంటుంది. అయితే నది తెచ్చిన ఇసుక, ఒండ్రు మేట వేసి, ఆ మేట మీద గడ్డీ చెట్లూ పట్టి నిలిచిన నేలను కృష్ణా గోదావరి తీరాల వారు లంక అనే అంటారు. ఆ తీరాల్లో లంక అని ముగిసే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. చేపలు పట్టేవారి నోట ఇప్పటికీ ఆ మాటే వస్తుంది. కొండమీది అమ్మవారి పేరు మీద దీనికి భవానీ అన్న పేరు వచ్చింది. నా మట్టుకు నాకు లంక అన్న మాటే ఇష్టం, ఎందుకంటే ఆ మాటలోనే అది ఎలా పుట్టిందో, వరదొస్తే ఏమవుతుందో రెండూ ఇమిడి ఉన్నాయి.

ఎండాకాలంలో కూడా ఇక్కడ నది ఇంత నిండుగా ఎలా ఉంటుంది?

ఇది నిలవ నీరు. బోటులో అందరూ అడగవలసిన ప్రశ్న ఇదే అయినా, అడిగేవారు తక్కువ. బరాజ్ దగ్గర నీటిని 12 అడుగుల ఎత్తున నిలబెడతారు. సముద్ర మట్టంతో లెక్కేస్తే అది సుమారు 57 అడుగులు. ఆ మట్టంలో వెనక ఆగే నీరు 3 టీఎంసీలకు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కాస్త పైన. ఈ నీటినే ఎడమగట్టున తూర్పు డెల్టా కాలువలకూ, కుడిగట్టున పశ్చిమ డెల్టా కాలువలకూ మళ్లిస్తారు. రెండు వైపులా కలిపి 13 లక్షల ఎకరాల వరకు ఆయకట్టు ఈ గేట్ల మీదే ఆధారపడి ఉంది.

దీని వెనక ఒక కరువు కథ ఉంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువులో ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా జనం చనిపోయారు. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరు ఎక్కించే దారి లేని రోజులవి. ఆ తరవాత రెండు దశాబ్దాలకు, 1852లో మొదలుపెట్టి 1855 నాటికి, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య రాతి ఆనకట్ట కట్టారు. దాదాపు నూరేళ్లు పనిచేసిన ఆ ఆనకట్టకు 1952 వరదలో గండి పడింది. దాని స్థానంలో 1954లో మొదలై 1957లో పూర్తయినదే 70 గేట్ల ఇప్పటి బరాజ్. పొడవు సుమారు 1,223 మీటర్లు. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు అదే 1957లో కన్నుమూశారు; దానికి ఆయన పేరే పెట్టారు.

ఇంకొక్క సంగతి. 2015 నుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడికాలువ గుండా వచ్చి, దీవికి ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఆ చోటునే పవిత్ర సంగమం అంటున్నారు. అందుచేత కృష్ణకు ఇంకా పైనుంచి వరద రాని జూన్, జులై నెలల్లో మీరు బోటు మీద దాటుతున్నది చాలావరకు గోదావరి నీరే అయి ఉండవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు రాజమండ్రి నుంచి వచ్చిన మా బావగారి ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

బోటులో ఎటు కూర్చుంటే ఎక్కువ కనిపిస్తుంది?

వెళ్లేటప్పుడూ ఎడమవైపే, వచ్చేటప్పుడూ ఎడమవైపే కూర్చోండి. రేవు వదిలి ఎగువకు సాగేటప్పుడు ఎడమచేతి వైపు గుంటూరు గట్టూ, సీతానగరం, ఉండవల్లి కొండల వరుసా కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో అదే ఎడమవైపు ఇంద్రకీలాద్రి, దాని మీది గుడి గోపురం, కొండ పాదాన్ని ఒరుసుకొని పోయే రోడ్డు, ఎదురుగా బరాజ్ గేట్ల వరుస వస్తాయి. వాయవ్యాన, దూరంగా, కొండపల్లి కొండలు నీలంగా ఉంటాయి. వాటికి ముందు కనిపించే పొగగొట్టాలు ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రానివి. ఫోటో పాడైపోయిందని కొందరు విసుక్కుంటారు కాని, నది ఒడ్డున ఆ కేంద్రం కట్టింది కూడా ఈ నీటి కోసమే.

దీవికి చేరడానికి పావుగంట పట్టడమే ఎక్కువ. ఆ పావుగంటను ఫోనులో ముఖాలు చూసుకుంటూ గడిపి, దిగాక "ఇక్కడ ఏముంది?" అనేవారిని ప్రతిసారీ చూస్తున్నాను. చూడవలసినదంతా దారిలోనే అయిపోయింది.

ఇంద్రకీలాద్రికీ అర్జునుడికీ ఉన్న సంబంధం ఏమిటి?

పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేసిన చోటు ఇదేనని స్థలపురాణం చెబుతుంది. శివుడు కిరాతుడి వేషంలో వచ్చి, ఒకే పందిని ఇద్దరూ కొట్టి, అది నాదంటే నాదని పోట్లాడుకొని, చివరికి అస్త్రం ఇచ్చి వెళ్లిన కథ అందరికీ తెలిసినదే. ఆ కథను చెక్కిన పాత రాతి స్తంభం ఒకటి కొండ మీద ఉంది. అంతకంటే తెలుగువారు ఎక్కువగా గుర్తుపెట్టుకోవలసినది మరొకటి ఉంది: చాళుక్య వంశానికి చెందిన యుద్ధమల్లుడి బెజవాడ శాసనం. నన్నయ భారతం మొదలుపెట్టడానికి ముందే, మధ్యాక్కర అనే ఛందస్సులోని పద్యాల్లో, తెలుగులో చెక్కించిన శాసనం అది. ఇక్కడ కుమారస్వామికి గుడి కట్టించిన సంగతి అందులో ఉంది. తిరుగు బోటులో కొండ దగ్గర పడుతున్నప్పుడు, ఆ రాళ్ల మధ్య వెయ్యేళ్ల నాటి తెలుగు పద్యం ఉన్నదని పక్కవారికి చెప్పి చూడండి. ఫోన్లు కాసేపు కిందికి దిగుతాయి.

కొండకు బెజ్జం పడి నది దారి చేసుకున్నందుకే బెజవాడ అయిందంటారు. నిజమేనా?

కొండలు అడ్డం వస్తే కృష్ణవేణి దారి ఇమ్మని అడిగిందనీ, అర్జునుడు బాణంతో బెజ్జం చేశాడనీ, అది బెజ్జంవాడ అయి బెజవాడగా మారిందనీ కథ చెబుతారు. ఇది పేరుకు తరవాత అల్లిన కథ. అయినా బోటు మీద నుంచి చూస్తే ఇలాంటి కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. అటు ఇంద్రకీలాద్రి, ఇటు సీతానగరం కొండ. ఆ రెంటి నడుమ సందులోంచే నది బయటపడుతుంది. ఎగువన ఎంతో వెడల్పుగా పారే నది ఇక్కడికి వచ్చేసరికి రెండు రాతి గట్ల మధ్య ఒదుగుతుంది. ఆనకట్ట కట్టిన ఇంజనీర్లు ఈ చోటు ఎంచుకున్నది కూడా ఆ రెండు కొండలను చూసుకొనే.

ఉండవల్లి గుహలు బోటులోంచి కనిపిస్తాయా?

కనిపించవు, కొండ మాత్రమే కనిపిస్తుంది. గుహలు చూడాలంటే బరాజ్ దాటి, రోడ్డు మీద వెళ్లాలి. విష్ణుకుండిన రాజుల కాలానికి చెందినవిగా చెప్పే ఈ గుహలను ఒకే కొండను పైనుంచి కిందికి తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచారు. పై అంతస్తు పూర్తి కానే లేదు. లోపల చీకట్లో సుమారు 5 మీటర్ల పొడవున, ఒకే రాతిలో, శేషుడి మీద పడుకొని ఉన్న అనంతపద్మనాభుడు ఉన్నాడు. బయటి ఎండ నుంచి లోపలికి వెళ్లగానే ఏమీ కనబడదు. ఒక నిమిషం నిలబడితే ముందు పాదాలు, తరవాత మోకాళ్లు, చివరికి ముఖం తేలుతాయి. ఉదయం బోటు, సాయంత్రం గుహలు పెట్టుకుంటే ఒక రోజు హాయిగా సరిపోతుంది.

ఏయే పక్షులు కనిపిస్తాయి?

ఎప్పుడు వెళ్లినా కనిపించేవి నీటికాకులు. నీళ్లలో నాటిన కర్రల మీదా, పాత గుంజల మీదా రెక్కలు రెండు వైపులా చాచి, బట్టలు ఆరేసినట్టు కూర్చుంటాయి. మిగిలిన నీటిపక్షుల ఈకలు విదిలించుకున్నట్టు వీటి ఈకలు నీటిని పూర్తిగా విదిలించుకోలేవు. అందువల్లే మునిగి చేపను వెంటాడడం తేలికవుతుంది, అందువల్లే బయటికి వచ్చాక ఇలా ఆరబెట్టుకోక తప్పదు. ఒడ్డు వెంట తెల్లకొంగలు, గుడ్డికొంగలు ఉంటాయి. గుడ్డికొంగ బురదలో నిలబడితే బురదలాగే ఉంటుంది. ఎగిరినప్పుడు మాత్రమే రెక్కల తెలుపు బయటపడి, ఇంతసేపూ అక్కడ పక్షి ఉన్నదా అనిపిస్తుంది. తలా రొమ్మూ తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉండే గద్ద నది మీద తిరుగుతుంటే పెద్దవాళ్లు గరుడ పక్షి అని చేతులు జోడిస్తారు.

నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం నలుపూ తెలుపూ లకుముకి. మామూలు నీలం లకుముకి కొమ్మ మీద కూర్చొని కాపు కాస్తుంది. దీనికి కొమ్మతో పని లేదు. ఒక డిసెంబరు ఉదయం, బోటు ఇంకా రేవులోనే ఉండగా, మా ముందు ఇరవై అడుగుల ఎత్తున గాలిలో ఒకచోట నిలబడిపోయింది. తల కదలదు, ముక్కు నేరుగా కిందికి, రెక్కలు మాత్రం కంటికి ఆనని వేగంతో కొట్టుకుంటున్నాయి. రెండుసార్లు కాస్త కిందికి దిగి, మనసు మార్చుకొని మళ్లీ పైకి వెళ్లింది. మూడోసారి రాయి పడినట్టు పడింది. నీళ్లు చిమ్మిన చోటు నుంచి వేలెడు చేపతో లేచి, ఒడ్డున ఉన్న ఇనుప కమ్మీ మీద వాలి, చేపను కమ్మీకేసి రెండు దెబ్బలు కొట్టి, తల ముందుగా మింగింది. అంతా ఒక నిమిషం కూడా లేదు. బోటులో ఉన్న పిల్లలు దీవి మీద ఏ ఆట చూసినా ఆ రోజు అంత నిశ్శబ్దంగా లేరు.

చలికాలంలో పెద్ద సంచి గొంతు కింద వేలాడేసుకొని గూడబాతులు ఆకాశంలో నెమ్మదిగా తిరుగుతూ కనిపించవచ్చు. గుంటూరుకు దగ్గరలో పెదకాకాని మండలం ఉప్పలపాడు చెరువులో ఇవి, రంగురంగుల రెక్కల పెద్ద కొంగలతో పాటు, గుంపులుగా గూళ్లు పెడతాయి. పక్షుల కోసమే వచ్చేవారికి నా సలహా దీవి కాదు, ఉప్పలపాడే. దీవి ప్రయాణంలో పక్షులు దారిలో ఎదురయ్యే చుట్టాల్లాంటివి. ఉప్పలపాడులో వాటి ఇంటికే వెళ్తాం.

మొసళ్లు ఉన్నాయా? పాములు?

పిల్లల తల్లులు ముందుగా అడిగేది ఇదే. కృష్ణలో మొసళ్లు ఉన్న మాట నిజమే, కాని అవి ఎక్కువగా నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల వైపు, ఎంతో ఎగువన. సాగర్ దగ్గరి ఎత్తిపోతలలో మొసళ్ల పెంపకం కూడా ఉంది. చెట్లూ పొదలూ ఉన్న నదీతీరం కనుక పాములు ఉండడం సహజం; దారి వదిలి గడ్డిలోకి, ముఖ్యంగా వరద తీసిన తరవాతి వారాల్లో, వెళ్లకుండా ఉంటే చాలు. నీటికుక్కలు, బావురుపిల్లి వంటి అరుదైన జంతువులు చూడాలని అడిగేవారు దిగువన నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవుల గురించి వాకబు చేయాలి.

నీళ్ల మీద పచ్చగా తేలుతున్నది ఏమిటి?

గుర్రపుడెక్క. ఊదారంగు పూలు చూసి తామరల తమ్ముడనుకొని మురిసిపోతారు కాని, ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. పారే నీటిలో నిలదొక్కుకోలేదు; నిలవ నీరు, అందులో కలిసే మురుగు దానికి అమృతం. ఒకసారి మేము ఎక్కిన బోటు పంకాకు ఈ తీగలు చుట్టుకొని, నది నడుమ ఇరవై నిమిషాలు ఆగిపోయింది. సరంగు కత్తి పట్టుకొని వెనక వంగి ఒక్కొక్క వేరూ కోసి తీస్తుంటే, ఆ వేళ్ల గుబురులో నుంచి చిన్న రొయ్యపిల్లలు, నత్తలు బోటు అంచు మీద రాలాయి. చేపపిల్లలకు అది దాక్కునే చోటు కూడా. అయితే దట్టంగా కమ్మితే కింద వెలుతురు, ప్రాణవాయువు రెండూ తగ్గి అవే చేపలు చస్తాయి.

ఈ నీటిలో ఏ చేపలు ఉంటాయి?

బొచ్చె, శీలావతి, జెల్ల, వాలుగ, కొరమేను ప్రధానంగా పడతాయి. పులస గురించి అడగవద్దు. అది గోదావరి వారి విషయం.

వరద సమయంలో దీవి ఏమవుతుంది?

బోట్లు ఆగిపోతాయి, వరద పెద్దదైతే దీవి మునుగుతుంది. బరాజ్ నుంచి విడుదల 3.97 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరిక ఇస్తారు. వర్షాకాలంలో ప్రయాణం పెట్టుకునేవారు ముందు రోజు రాత్రి వార్తల్లో ఈ అంకె చూసుకుంటే చాలు. మొదటి హెచ్చరిక దరిదాపుల్లో ఉన్నా బయలుదేరడం దండగ.

2009 అక్టోబరులో బరాజ్ దగ్గర సుమారు 11.1 లక్షల క్యూసెక్కులు నమోదై, ఇంతకు మించి రాదనుకున్నాం. 2024 సెప్టెంబరు 2న అది సుమారు 11.43 లక్షలకు చేరింది. ఆ వరదలో ఎగువ నుంచి కొట్టుకువచ్చిన బోట్లు బరాజ్ గేట్లను ఢీకొని, గేట్లను ఎత్తడానికి దింపడానికి తోడ్పడే బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి. దీవి మీద నీరు తీసిన తరవాత చూసినవారికి చెట్ల మొదళ్ల మీద, తల కంటే ఎత్తున, బురద గీత ఒకటి కనిపించి ఉంటుంది. గడ్డీ, ప్లాస్టిక్ సంచులూ కొమ్మలకు వేలాడుతూ నీరు ఎంత దూరం ఎక్కిందో కొలబద్దలా చూపిస్తాయి. కట్టిన బల్లలూ కంచెలూ కొట్టుకుపోయినా, లంక మాత్రం ఆ వరద వదిలిన కొత్త ఒండ్రును ఒంటికి పూసుకొని అక్కడే ఉంటుంది. అసలు అది తయారైందే అలా.

బోటు ప్రయాణం ఎంతవరకు భద్రం?

2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఈ నది మీద బోటు ఎక్కే ఎవరైనా ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి. నీరు అద్దంలా కదలకుండా కనిపించినా లోతు చోటు చోటుకూ మారుతుంది. అందుచేత అధికారిక రేవులో, టికెట్ ఇచ్చే కౌంటరు దగ్గర తప్ప, పక్కకు పిలిచి తక్కువకు తీసుకువెళ్తామన్న వారి బోటు ఎక్కవద్దు. లైఫ్ జాకెట్టు కట్టుకోవడమంటే భుజాన వేసుకోవడం కాదు. ముందున్న బద్దీలన్నీ బిగించి, చంటిపిల్లలకు వారి కొలత జాకెట్టే అడిగి తొడగాలి. ఎండకు చెమట పడుతుందనీ, చీర నలుగుతుందనీ విప్పేసేవారిని మొహమాటం లేకుండా మందలించండి. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు పరిగెత్తడం అన్నిటికంటే ప్రమాదం. పరిమితికి మించి ఎక్కిస్తున్నారనిపిస్తే దిగిపోయి తరవాతి బోటుకు ఆగండి. ఒకసారి నేను ఇద్దరు పిల్లలతో అలా దిగిపోతే అక్కడి మనిషి "ఏం కాదు సార్" అని నవ్వాడు. ఆ నవ్వుకు జంకి మళ్లీ ఎక్కనందుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

ఏ నెలలు, ఏ వేళ మంచివి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అందులోనూ కార్తికం మొదట్లో వెళ్తే గట్ల వెంట రెల్లు పూసి, దూరానికి తెల్లని నురుగులా కనిపిస్తుంది. కార్తికంలో వనభోజనాల జనం ఎక్కువ కనుక ఆదివారాలు మానుకోండి. ఉదయం మొదటి బోటుకు గాలీ ఉండదు, అరుపులూ ఉండవు, పక్షులు తిండి వేటలో ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. నీళ్ల మీద పడి తిరిగి కొట్టే ఎండ నేల మీది ఎండకు అన్నలాంటిది.

దీవి మీద ఏమేమి ఉన్నాయి?

చెట్ల నీడ, నడక దారులు, పిల్లల ఆటస్థలం, తినడానికి కొద్దిపాటి వసతి. ప్రతి వరద తరవాతా ఇవి మారుతుంటాయి కనుక ఫలానాది ఉంటుందని మాట ఇవ్వలేను. పడమటి అంచు వరకు నడిచి, ఎగువ నది వైపు తిరిగి కాసేపు కూర్చోండి. ఊరు వీపు వెనకకు పోతుంది.

నాగార్జునకొండ కూడా దీవే కదా, దేనికి వెళ్లాలి?

రెండూ కృష్ణలోనే ఉన్నా ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు. భవానీ ద్వీపం నది పోసిన మేట. నాగార్జునకొండ నీటిలో మిగిలిపోయిన కొండ శిఖరం. దాన్ని దీవిగా చేసింది ఆనకట్ట. మూడవ శతాబ్దంలో ఆ కొండ కింది లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. వంశకర్త చాంతమూలుడు వైదికుడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన చెల్లెలు చాంతిశ్రీ మాత్రం బౌద్ధుల మహాచైత్యానికి స్తంభాలు నిలిపి, తన పేరు శాసనాల్లో చెక్కించింది. ఒకే ఇంట్లో అన్నది యజ్ఞం, చెల్లెలిది స్తూపం. సింహళ భిక్షువుల కోసం అక్కడ ప్రత్యేకంగా విహారమే ఉండేది; రోమన్ బంగారు నాణేలు కూడా తవ్వకాల్లో దొరికాయి.

1926లో ఈ శిథిలాల జాడ బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసేనాటికే, నీరు నిండితే లోయంతా మునుగుతుందని తెలుసు కనుక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను గాలించి తవ్వారు. మహాచైత్యం, అశ్వమేధం నాటి మెట్ల కొలను వంటి కొన్ని కట్టడాలను రాయికి రాయి విప్పి కొండపైకి చేర్చి, తిరిగి పేర్చారు. మెట్ల మీద కూర్చొని ఆటలు చూసే రాతి రంగశాలను మాత్రం కుడిగట్టున అనుపు దగ్గర నిలబెట్టారు. దొరికిన శిల్పాలకు 1966లో కొండపై మ్యూజియం తెరిచారు.

పల్నాడు జిల్లా విజయపురి సౌత్ నుంచి బోటులో సుమారు 11 కిలోమీటర్లు, ముక్కాలు గంటకు పైగా ప్రయాణం. అవతలి గట్టున నందికొండ నుంచి తెలంగాణ వారి బోట్లు నడుస్తాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. సాగర్‌లో నీరు తగినంత ఉన్న రోజుల్లో, తగినంత మంది వస్తేనే బోటు కదులుతుంది కనుక ముందుగా ఫోను చేసి అడగండి. సరదాకు, పిల్లలకు, పూటలో తిరిగి రావడానికి భవానీ ద్వీపం. చరిత్ర మీద మక్కువ ఉంటే, రోజంతా వెచ్చించి, నాగార్జునకొండ. నేనైతే రెండోదానికి ఓటు వేస్తాను: మీ బోటు కింద ఒక రాజధాని వీధులు ఉన్నాయన్న ఊహ ఆ ముక్కాలు గంటా వదలదు.

రెండూ ఒకే రోజులో చూడవచ్చా?

కుదరదు. విజయవాడ నుంచి సాగర్ సుమారు 190 కిలోమీటర్లు.

పూర్వం ఇక్కడి నుంచి పడవల్లో మద్రాసు దాకా వెళ్లేవారంటారు, నిజమా?

నిజమే. బరాజ్ రెండు చివరలా, కాలువల మొదట్లో ఉన్న లాకులను గమనించండి. అవి నీటి కోసమే కాదు, పడవల కోసం కూడా. కాకినాడ వైపు నుంచి ఏలూరు కాలువలో వచ్చిన పడవ ఇక్కడ నది దాటి, సీతానగరం వైపు లాకుల్లో దిగి, కొమ్మమూరు కాలువ పట్టుకొని, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిసి మద్రాసు చేరేది. బియ్యం, ఉప్పు, పొగాకు, పెళ్లివారు, అందరికీ అదే దారి. గాలి అనుకూలంగా లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడుతో పడవను లాగేవారు. రైళ్లు, లారీలు వచ్చి ఆ దారిని ఎండగట్టాయి. 2008లో ఈ మార్గాన్నే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

దసరాకు తెప్పోత్సవం బోటులోంచి చూడవచ్చా?

విజయదశమి సాయంత్రం అమ్మవారూ మల్లేశ్వరస్వామీ హంస వాహనం మీద దుర్గా ఘాట్ దగ్గర నదిలో విహరిస్తారు. ఆ వేళ మామూలు బోట్లను వదలరు. గట్టు మీద చోటు దొరకాలంటే మధ్యాహ్నమే చేరుకోవాలి. నదిలో వరద ఎక్కువగా ఉన్న ఏడు హంసను తిప్పకుండా, గట్టు దగ్గరే ఉంచి పూజ చేస్తారు.

చివరి బోటు తప్పిపోతే?

చీకటి పడేలోగానే చివరి బోటు రేవుకు చేరిపోతుంది. దిగేటప్పుడే దాని వేళ అడిగి పెట్టుకోండి. మా పెదనాన్నగారు ఒకసారి పడమటి అంచున కునుకు తీసి, పరుగు పరుగున వచ్చేసరికి బోటు తాడు విప్పుతున్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆయన్ను ఎవరూ కిటికీ పక్కన కూర్చోనివ్వరు. లెక్క పెట్టడానికి వీలుగా మధ్యలో కూర్చోబెడతారు.